పెద్దత్తకు పెద్ద టీవీ: తక్కువ ఖర్చులో తెర ఎంచుకునే పద్ధతి

మూడేళ్ల కిందట నాన్నకు 55 అంగుళాల టీవీ కొన్నాను. అర్ధరాత్రి ఆఫరులో, ఫోనులో చూసి, పావుగంటలో. ఎంత చవకగా కొట్టేశానో అని పొంగిపోయాను. అది ఇంటికి చేరాక ఒక్కొక్కటీ బయటపడింది. బిగించిన ఎత్తుకు నాన్న తల వెనక్కి వాల్చి చూడాలి. వార్తలు చదివేవాళ్ల ముఖాలు తడిసిన కాగితం మీద బొమ్మల్లా ఉన్నాయి. మాటలు వినపడక సౌండు పెంచితే ప్రకటనలు వచ్చేసరికి ఇల్లు అదురుతోంది. పద్నాలుగో నెలలో తెర సగం నల్లబడింది. ఆ కంపెనీ మెకానిక్ ఉన్న ఊరు చూస్తే నూట ముప్ఫై కిలోమీటర్ల అవతల. ఇందులో తప్పు టీవీది కొంత, నాది చాలా.

మొన్న తెనాలిలో మా పెద్దత్త ఇంట్లో 32 అంగుళాల టీవీ ఆగిపోయినప్పుడు ఆ పని మళ్లీ నా నెత్తినే పడింది. ఈసారి ఫోను జేబులో పెట్టి, కొలత టేపు చేతిలోకి తీసుకున్నాను. మొత్తం ఖర్చు 40 వేలు దాటకూడదన్నది మామయ్య షరతు. దాన్ని తెర ధరగా కాకుండా, పెద్దత్త కుర్చీలో కూర్చుని హాయిగా చూడటానికి అయ్యే మొత్తం ధరగా లెక్క వేసుకున్నాను. నాన్న విషయంలో చేయనిది అదే. నేను నడిచిన వరసలోనే చెబుతాను.

కొనేముందు: పాతది నిజంగా పోయిందా?

టీవీలో మాట వినిపిస్తూ బొమ్మ కనిపించకపోతే గదిలో దీపాలు ఆర్పి, తెరకు దగ్గరగా టార్చి వేసి చూడండి. బొమ్మ లీలగా కదులుతూ కనిపిస్తే పాడైంది బహుశా తెర కాదు, దాని వెనక వెలిగే ఎల్‌ఈడీ పట్టీలు. చిన్న సైజు టీవీలకు వాటిని మార్చడం పెద్ద ఖర్చు కాదు. పెద్దత్త టీవీ జబ్బు అదే. వీధి చివర మెకానిక్ 1,800 రూపాయలకు బాగు చేశాడు. అది ఇప్పుడు పడకగదిలోకి వెళ్లింది. అయినా పెద్ద టీవీ కొన్నాం. ఎందుకంటే పెద్దత్తకు 32 అంగుళాల తెర మీద అడుగున పరిగెత్తే అక్షరాలు ఆనడం లేదు. ఎక్స్ఛేంజ్‌లో పాత టీవీకి ఇచ్చేది చాలా తక్కువ, కాబట్టి పని చేసే టీవీని ఆ లెక్కలో కలిపేయకండి.

మొదటి అడుగు: ఒక సాయంత్రం ఆ ఇంట్లో కూర్చోండి

షోరూమ్‌కు వెళ్లేముందు ఇదొక్కటి చేస్తే సగం పని అయినట్టే. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏమి చూస్తారు, ఏ వేళలో చూస్తారు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది, ఏ మీట నొక్కడానికి తడబడతారు, అన్నీ చూడండి. అడిగితే చెప్పరు. "నాకేమిటి నాయనా, ఏది పెట్టినా చూస్తాను" అంటారు. కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

పెద్దత్త రోజు ఇలా ఉంది. తెల్లవారుజామున ఎస్‌వీబీసీలో సుప్రభాతం. మధ్యాహ్నం వంటయ్యాక పాత సినిమా. ఆ వేళకు పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. సాయంత్రం ఆరున్నర నుంచి సీరియళ్లు. మామయ్యకు క్రికెట్, రాత్రి వార్తలు. ఆయన హాలు పక్కగా వేసిన నవారు మంచం మీద పడుకుని, తెరను ఓరగా చూస్తారు. ఇద్దరికీ కంటి శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి. మామయ్యకు కుడిచెవి సరిగ్గా వినిపించదు. ఓటీటీల్లో సినిమాలు చూసేది సెలవులకు వచ్చే మనవలు మాత్రమే.

ఈ నాలుగు ముక్కలతోనే చాలా ప్రశ్నలు తేలిపోయాయి. వీడియో గేముల కోసం సెకనుకు 120 సార్లు బొమ్మ మారే 120 హెర్ట్జ్ తెర అక్కరలేదు. ఎండను తట్టుకునే వెలుగు కావాలి, పక్క నుంచి చూసినా రంగు వెలవెలపోకూడదు, మాట స్పష్టంగా ఉండాలి. అన్నిటికంటే ముందు, మామూలు ఛానెళ్లు బాగా కనిపించాలి.

రెండో అడుగు: టేపుతో మూడు కొలతలు

కుర్చీలో కూర్చున్నప్పుడు కంటి నుంచి గోడకు ఎంత దూరం, గోడ మీద ఖాళీ వెడల్పు ఎంత, నేల నుంచి కన్ను ఎంత ఎత్తులో ఉంది. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

టీవీ అంగుళాలంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలు కొలత. గోడకు కావలసింది మాత్రం వెడల్పు, ఎత్తు. 43 అంగుళాల తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 54 ఎత్తు. 50 అంగుళాలది 111, 62. 55 అయితే 122, 69. 65 అయితే 144, 81. చుట్టూ చట్రానికి ఒకటి రెండు సెంటీమీటర్లు కలుపుకోండి. పెట్టెల మీద ఇప్పుడు సెంటీమీటర్లే పెద్దగా వేస్తున్నారు. 108 అని ఉంటే 43 అంగుళాలు, 126 ఉంటే 50, 138 లేదా 139 ఉంటే 55 అన్నమాట.

దూరానికి సులువైన లెక్క ఒకటుంది. కంటికీ తెరకూ మధ్య దూరాన్ని 1.6తో భాగిస్తే ఆ గదికి తగిన ఏటవాలు కొలత వస్తుంది. సినిమా చూడటానికి 30 డిగ్రీల చూపు కోణం ఉండాలన్న లెక్క నుంచి వచ్చిన సంఖ్య ఇది. ఎక్కువగా మామూలు ఛానెళ్లు చూసే ఇంట్లో 2తో భాగించడం మేలు. పెద్దత్త కుర్చీ గోడకు 8 అడుగుల దూరంలో ఉంది, అంటే 244 సెంటీమీటర్లు. 1.6తో భాగిస్తే 152, అంటే 60 అంగుళాలు. 2తో భాగిస్తే 122, అంటే 48 అంగుళాలు. 50 గానీ 55 గానీ సరిపోతుందని తేలింది.

తరువాత పాత దినపత్రిక కాగితాలు అతికించి, ఆ కొలతకు కత్తిరించి గోడకు అంటించండి. నేను 55 కొలతకు అంటించగానే పెద్దత్త లోపలి నుంచి వచ్చి, "అంత పెద్దది పెడితే వెంకటేశ్వరస్వామి పటం ఎక్కడికి పోవాలిరా?" అంది. కాగితం లేకపోతే ఆ మాట టీవీ బిగించే రోజున వచ్చేది. 50 కొలతకు తగ్గిస్తే పటం ఉన్నచోటే ఉంది. 32 నుంచి 50కి మారితే తెర విస్తీర్ణం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. 50 నుంచి 55కి పెరిగేది ఐదో వంతే. ఆ ఐదో వంతుకు పెట్టే డబ్బు వేరేచోట ఎక్కువ పని చేస్తుంది.

మూడో అడుగు: తెరలోకి వచ్చే బొమ్మ ఎలాంటిది?

పెద్ద టీవీ కొన్న ఇళ్లలో నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడివే. మామూలు ఎస్‌డీ ఛానెల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి, మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. 4కే తెరలో 3840 అడ్డం, 2160 నిలువు, దాదాపు 83 లక్షలు. అంటే వచ్చిన ఒక్కో చుక్కను టీవీ ఇరవై చుక్కలుగా సాగదీయాలి. పూరీ ఉండను తీసుకుని దోసెంత వెడల్పు చేసినట్టు. హెచ్‌డీ ఛానెల్ అయితే ఆ సాగదీత నాలుగు రెట్లే. నాన్న టీవీలో ముఖాలు తడిసినట్టు ఉండటానికి కారణం తెర కాదు, ఏళ్ల నాటి ఎస్‌డీ సెట్‌టాప్ బాక్సు. పైగా దాన్ని ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో కలిపారు.

హైదరాబాద్, విశాఖపట్నాల్లో 2013 మార్చి 31 గడువుగా, పల్లెల్లో 2017 మార్చి 31 గడువుగా కేబుల్ డిజిటల్‌కు మారింది. అప్పుడు ఇచ్చిన బాక్సులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. కాబట్టి ముందు బాక్సు వెనక్కి తిప్పి చూడండి. బొమ్మనూ మాటనూ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ రంధ్రం లేకపోతే బాక్సు మార్చక తప్పదు. కేబుల్ ఆపరేటరుకో డిష్ కంపెనీకో ఫోను చేసి హెచ్‌డీ బాక్సుకు ఎంత, నెల ప్యాకు ఎంత పెరుగుతుంది అని అడగండి. ఈటీవీ, స్టార్ మా, జెమిని, జీ తెలుగు ఛానెళ్లకు హెచ్‌డీ రూపాలు వేరుగా ఉన్నాయి. ఆ నాలుగిటిలో ఇంట్లో చూసేవాటినే తీసుకుంటే చాలు. ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఆ బాక్సు నుంచి వచ్చేదాన్ని కూడా ఇలాగే పరీక్షించండి.

తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు ఎస్‌డీలోనే వస్తాయి. అవే ఛానెళ్లు యూట్యూబులో ప్రత్యక్షంగా ఇచ్చే ప్రసారం తరచు అంతకంటే శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే మామయ్య వంటివారికి ఆ దారి చూపించవచ్చు. 4కే సినిమాకు కూడా సెకనుకు 25 మెగాబిట్ల వేగం చాలు. రూటర్ దూరంగా, రెండు గోడల అవతల ఉంటే మాత్రం బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఆ తంటాకు టీవీని తిట్టకండి.

నాలుగో అడుగు: తెర రకం

ప్రకటనల్లో పేర్లు ఎన్ని ఉన్నా ఈ ధరలో దొరికేవన్నీ ఎల్‌సీడీ తెరలే. ఎల్‌ఈడీ అంటే వాటి వెనక వెలిగే దీపం. క్యూఎల్‌ఈడీ అంటే ఆ దీపానికీ తెరకూ మధ్య రంగులు పెంచే క్వాంటం డాట్ పొర. ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీ వేరే జాతి, వేరే ధర. పేరులో ఒక్క అక్షరమే తేడా కాబట్టి షాపులో చెప్పేవాళ్లు రెండింటినీ ఒకే ఊపిరిలో అనేస్తారు, జాగ్రత్త.

పెట్టె మీద రాయని తేడా ఒకటి ఉంది. ఎల్‌సీడీ తెరల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. వీఏలో నలుపు నల్లగా ఉంటుంది, రాత్రి దృశ్యాలు బాగుంటాయి, కానీ పక్కకు జరిగితే రంగు వెలుస్తుంది. ఐపీఎస్‌లో పక్క నుంచి చూసినా రంగు నిలుస్తుంది, కానీ చీకటి దృశ్యాల్లో నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. నలుగురూ నాలుగు మూలల కూర్చునే ఇంటికి ఐపీఎస్, అందరూ ఎదురుగా కూర్చుంటే వీఏ. 50 అంగుళాల్లో ఎక్కువగా వీఏ తెరలే వస్తాయి. మరి మామయ్య సంగతి? మంచాన్ని నాలుగడుగులు లోపలికి జరిపాం. దానికి పైసా ఖర్చు కాలేదు.

వెలుగును నిట్లలో చెబుతారు. చవక టీవీలు 250 నుంచి 350 నిట్ల మధ్య ఉంటాయి. ఎండపడే గదికి 300కు తగ్గకుండా చూడండి, లేదా కిటికీకి మందపాటి తెర కట్టండి. రెండోదే చవక. వెలుగునీడల తేడా బాగా చూపిస్తుందనే హెచ్‌డీఆర్ ముద్ర ఈ వెలుగులో పేరుకే ఉంటుంది, దాని కోసం వెయ్యి రూపాయలు కూడా ఎక్కువ పెట్టకండి.

షోరూమ్‌లో టీవీలన్నీ కళ్లు చెదిరే వివిడ్ అమరికలో, 4కేలో తీసిన పూలూ చేపలూ చూపిస్తుంటాయి. ఆ బొమ్మలు చూసి ఏ టీవీనైనా కొనేయవచ్చు. ఒక పెన్‌డ్రైవ్‌లో మీ ఇంటి పెళ్లి వీడియో ఒకటి, పాత సినిమాలో చీకటి సన్నివేశం ఒకటి వేసుకుని వెళ్లండి. పిక్చర్ మోడ్‌ను స్టాండర్డ్‌కు మార్చమని అడగండి. ఎదురుగా చూసి, పక్కకు మూడడుగులు జరిగి చూసి, కిందకు కూర్చుని చూడండి. మనుషుల చర్మం రంగు సహజంగా ఉందా లేదా అన్నది చాలు. వీలైతే షాపులో సెట్‌టాప్ బాక్సు పెట్టి ఎస్‌డీ ఛానెల్ కూడా వేయించండి. నసిగితే ఇంకో షాపు ఉంది.

ఐదో అడుగు: లోపలి సాఫ్ట్‌వేర్, చేతిలో రిమోట్

స్మార్ట్ టీవీ అంటే లోపల చిన్న కంప్యూటర్ ఉన్నట్టే. 4కే టీవీకి ర్యామ్ 2 జీబీ, నిల్వ 16 జీబీ ఉంటే నెమ్మదించకుండా నడుస్తుంది. గూగుల్ టీవీ, సామ్‌సంగ్ వాడే టైజెన్, ఎల్‌జీ వాడే వెబ్‌ఓఎస్, ఏదైనా పర్వాలేదు. కొన్ని అతి చవక టీవీల్లో గూగుల్ అనుమతి లేని ఉత్త ఆండ్రాయిడ్ ఉంటుంది, వాటిలో కొన్ని ఓటీటీలు పనిచేయవు, పనిచేసినా మసకగా వస్తాయి. తెర పదేళ్లు ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అయిదారేళ్లకే ముసలిదవుతుంది. అప్పుడు హెచ్‌డీఎంఐకి తగిలించే స్టిక్ ఒకటి కొంటే ఆ లోటు తీరిపోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కోసం తెర నాణ్యతను వదులుకోకండి.

రిమోట్ విషయంలో మాత్రం పట్టుబట్టండి. చాలా కొత్త టీవీల రిమోట్ మీద అంకెల మీటలు ఉండవు, పది పదకొండు మీటలే ఉంటాయి. పెద్దవాళ్లు ఛానెళ్లను నంబర్లతో గుర్తుపెట్టుకుంటారు. పెద్దత్త అయితే ఛానెల్ పేరు కూడా అనదు, నంబరే అంటుంది. ఆమె చేతిలో ఉండవలసింది సెట్‌టాప్ బాక్సు రిమోటే. అందుకని షాపులోనే సెట్టింగుల్లో చూడండి: టీవీ వేయగానే యాప్‌ల తెర కాకుండా చివరిసారి వాడిన హెచ్‌డీఎంఐకే వెళ్లే అమరిక ఉందా? ఉంటే ఆమెకు టీవీ పాత టీవీలాగే తెరుచుకుంటుంది. ఈ ఒక్క అమరిక లేక నాన్న నెలరోజుల పాటు రోజూ నాకు ఫోను చేశారు.

రంధ్రాలు లెక్కపెట్టండి. హెచ్‌డీఎంఐ మూడు ఉంటే సరి, వాటిలో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని ఉండాలి, టీవీ మాటను బయటి స్పీకరుకు పంపే రంధ్రం అదే. పాత డీవీడీ ప్లేయర్ మీద ప్రేమ ఉన్న ఇంటికి పాత తీగలు పెట్టే ఏవీ రంధ్రం ఉందో లేదో కూడా అడగండి. కొత్త టీవీల్లో దాన్ని తీసేస్తున్నారు.

ఆరో అడుగు: మాట

సన్నని టీవీలో స్పీకర్లు కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. 20 వాట్లు, 30 వాట్లు అన్న అంకెలు గట్టిదనం చెబుతాయి, స్పష్టత చెప్పవు. వయసు పెరిగే కొద్దీ చెవికి ముందుగా పోయేవి సన్నని ధ్వనులు. అచ్చులు వినిపిస్తాయి, స, త, ఫ వంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది కానీ తెలియడం లేదు" అంటారు. సౌండు పెంచితే హోరు పెరుగుతుంది తప్ప హల్లు రాదు.

టీవీ సెట్టింగుల్లో మాటలను పైకి తెచ్చే అమరిక ఉంటే ముందు అది పెట్టి చూడండి. చాలకపోతే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, అంటే చిన్న సౌండ్‌బార్ తీసుకోండి. మోత మోగే సబ్‌వూఫర్ అక్కరలేదు, మాటకు ప్రత్యేక మీట ఉన్నదీ, ఏఆర్‌సీతో కలిసేదీ చూడండి. ఏఆర్‌సీతో కలిపితే టీవీ రిమోట్‌తోనే దాని సౌండూ మారుతుంది, మూడో రిమోట్ రాదు. 55కు బదులు 50 తీసుకోవడంలో మిగిలిన డబ్బు ఇక్కడికి వచ్చింది. ఇంత ఖర్చులో పెద్దత్త వెంటనే గమనించింది ఇదొక్కటే.

ఏడో అడుగు: కంపెనీ కంటే ముందు మెకానిక్

నచ్చిన రెండు మూడు మోడళ్లు రాసుకున్నాక వాటి కంపెనీల కస్టమర్ కేర్‌కు ఫోను చేయండి. టీవీ ఉండబోయే ఊరి పిన్‌కోడ్ చెప్పి, మెకానిక్ ఎక్కడి నుంచి వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు, అని అడగండి. తరువాత ఆ ఊళ్లోనే టీవీలు బాగుచేసే పాత మెకానిక్‌ను అడగండి: "ఏ కంపెనీ విడిభాగాలు త్వరగా దొరుకుతాయి?" అతడు చెప్పే జవాబుకు ఏ రేటింగూ సాటిరాదు. తెనాలి మెకానిక్ మాటతో నా జాబితాలో అన్నిటికంటే చవక టీవీ ఎగిరిపోయింది.

పెట్టె మీదో వెనక లేబుల్ మీదో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేనిది ముట్టుకోవద్దు.

వారంటీ సాధారణంగా ఏడాది. తెర పగిలినా పాడైనా మార్చే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా వెళ్తుంది. పగిలితే వారంటీ వర్తించదు కూడా. అదనపు వారంటీ తీసుకుంటే కంపెనీ సొంతంగా ఇచ్చేదే తీసుకోండి, అందులో తెర ఉందో లేదో చదివి మరీ. టీవీ ధరలో ఇరవయ్యో వంతుకు మించి అడిగితే వద్దనే అంటాను.

ఎనిమిదో అడుగు: ధర

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్నుకు ముందు ధర 30 వేలైతే అంతకుముందు 38,400 అయ్యేది, ఇప్పుడు 35,400. బిల్లులో 18 శాతమే వేశారా అని చూసుకోండి.

గరిష్ఠ ధర 70 వేలు, ఆఫరు 32 వేలు అన్న రాతలో మొదటి అంకెను కళ్లతో కూడా చూడకండి. ఆ ధరకు ఎవరూ ఎప్పుడూ అమ్మలేదు. నిరుటి మోడల్ దొరికితే తీసుకోండి, ఈ తరగతి టీవీల్లో ఏడాదికి మారేది చాలా తక్కువ. ఏ ఏటిదో మోడల్ నంబరే చెబుతుంది. సామ్‌సంగ్ చవక 4కే వరసలో సీయూ ఉంటే 2023, డీయూ ఉంటే 2024. ఎల్‌జీలో యూఆర్ 2023, యూటీ 2024. దసరా, దీపావళి, సంక్రాంతి, ఆగస్టు 15, జనవరి 26 దగ్గర ధరలు దిగుతాయి. ఆన్‌లైన్ ధర ఫోనులో చూపించి షాపులో బేరమాడితే చాలాసార్లు దగ్గరికి వస్తారు. రాకపోతే గోడ బ్రాకెట్టు ఉచితంగా ఇస్తారేమో అడగండి.

వడ్డీ లేని వాయిదాలంటే వడ్డీని ధరలో తగ్గింపుగా చూపించడమే. బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, ప్రాసెసింగ్ రుసుము కూడా ఉండవచ్చు. ఒకేసారి కట్టేవారికి వేరే తగ్గింపు ఉందేమో అడిగాకే వాయిదాలకు ఒప్పుకోండి.

విదేశాల్లో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకు కొనేవారికి ఒక మాట. అక్కడి టీవీ విమానంలో తేవాలనుకోకండి. ఫ్లాట్ టీవీలకు సుంకం మినహాయింపును 2013 ఆగస్టులోనే తీసేశారు. అమెరికా టీవీలు చాలావరకు 120 వోల్టులకు చేసినవి, వారంటీ ఇక్కడ చెల్లదు. ఊళ్లో ఉన్న షాపుకు డబ్బు పంపి, బిల్లు అమ్మానాన్నల పేర రాయించండి. రేపు మెకానిక్ వచ్చేది వాళ్ల ఫోను నంబరుకే కదా.

తొమ్మిదో అడుగు: టీవీ వచ్చిన రోజు

పెట్టెను నిలువుగానే దింపించండి, ఆటోలో పడుకోబెట్టి తెస్తే తెర చిట్లే ప్రమాదం ఉంది. కంపెనీ మనిషి వచ్చేవరకు విప్పకండి. విప్పేటప్పుడు పెట్టె నాలుగు వైపులా మొదలుకొని టీవీ వెలిగే దాకా ఆపకుండా వీడియో తీయండి. చాలాచోట్ల టీవీలకు డబ్బు వాపసు ఉండదు, మార్పిడి మాత్రమే, అదీ కొద్దిరోజులే. వెలిగించాక యూట్యూబులో తెల్లని, నల్లని, ఎర్రని రంగు తెరలు వేసి చుక్కలు ఆరిపోయి ఉన్నాయేమో, అంచుల్లో వెలుగు కారుతోందేమో చూడండి. గొడవ వచ్చి షాపువాళ్లు తిప్పి పంపితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 నాటి చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు.

ఎత్తు దగ్గర మెకానిక్ తొందరపెడతాడు. "అందరూ ఇంత పైనే పెట్టించుకుంటారండీ" అంటాడు. వినకండి. తెర మధ్యభాగం కూర్చున్న కంటికి ఎదురుగా, మహా అయితే జానెడు పైకి. పెద్దత్త కన్ను నేలకు 108 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 62 ఎత్తున్న తెర అడుగు అంచును 85 దగ్గర పెట్టించాం. బల్ల మీదే పెట్టేటట్టయితే టీవీ కాళ్ల మధ్య దూరం ముందే కొలవండి. ఇప్పటి టీవీల కాళ్లు ఎక్కువగా రెండు చివర్లకు ఉంటాయి, పాత టీవీ బల్ల చాలదు.

వెనక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే స్టెబిలైజర్ అక్కరలేదు, కరెంటు పోటు నుంచి కాపాడే మంచి స్పైక్ గార్డ్ చాలు. ఉరుములు మెరుపుల వేళ స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు పీకి, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గూ పీకి, డిష్ తీగను కూడా విప్పాలి. పిడుగు పోటు ఆ తీగ వెంట కూడా వస్తుంది. కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు, 100 వాట్ల టీవీ రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు 18 యూనిట్లు.

చివరి అడుగు: అమరికలు

ఒక గంట పెట్టండి. సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మ నాణ్యతను 1080కి, అంటే పూర్తి హెచ్‌డీకి మార్చండి, చాలా బాక్సులు తక్కువ అమరికలోనే వస్తాయి. టీవీలో వివిడ్ తీసేసి స్టాండర్డ్ గానీ సినిమా గానీ పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, ఎస్‌డీ ఛానెళ్ల ముఖాల మీద గీతలు పోతాయి. కదలికను నునుపు చేసే అమరిక తీసేస్తే పాత సినిమా పాత సినిమాలాగే కనిపిస్తుంది. పాత చదరపు బొమ్మను సాగదీసి తెర నింపకండి, అందరూ లావెక్కిపోతారు. రంగు వెచ్చదనం ఎంత ఉండాలో చూసేవారినే అడగండి. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి తెలుపు, నీలం మనకు కనిపించినట్టే కనిపించకపోవచ్చు.

మనం ఏమి చూస్తున్నామో కంపెనీకి చెప్పడానికి టీవీ అనుమతులు అడుగుతుంది, అవి లేకుండానే టీవీ నడుస్తుంది, కాదనండి. కార్డు వివరాలు ఎక్కించకండి. అనవసరపు యాప్‌లు తీసేసి, మొదటి వరసలో ఇంట్లో వాడే మూడే ఉంచండి.

మా లెక్క ఇలా తేలింది: 50 అంగుళాల టీవీ 31,500, హెచ్‌డీ బాక్సు మార్పిడి 1,500, సౌండ్‌బార్ 4,300, బ్రాకెట్టు 700, స్పైక్ గార్డ్ 600. మొత్తం 38,600. మిగిలిన 1,400లో కిటికీకి తెర కుట్టించింది పెద్దత్త. పెట్టె మాత్రం మార్పిడి గడువు తీరే దాకా అటకమీదే ఉంచమని చెప్పి వచ్చాను. అందులో ఆమె అప్పుడే వడియాల డబ్బాలు సర్దేసింది.